ఎండకే నల్లబడే ఊళ్లో సెల్ఫ్ ట్యానర్ ఎందుకు? బొల్లి మచ్చలపై చారలు పడకుండా ఇంట్లోనే సమంగా పూసుకోవాలంటే ఇలా చేయండి..

నల్లమాడ: ఈ వైపు పల్లెల్లో ‘ట్యాన్’ అన్న మాట కనిపించేది ఒక్క చోటే. బ్యూటీ పార్లర్ బోర్డు మీద. అదీ ‘డీ-ట్యాన్’ అని. శెనక్కాయ చేలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కలుపు తీస్తే చాలు, చేతులు మోచేతి దాకా ఒక రంగు, పైన ఇంకో రంగు. పైసా ఖర్చు లేకుండా వచ్చే ట్యాన్ అది. దాన్ని పోగొట్టుకోవడానికే డబ్బులు పెడతారు. అలాంటి చోట చర్మాన్ని కావాలని గోధుమ రంగులోకి మార్చే క్రీమ్ ఒకటుందని చెబితే ఎవరైనా నవ్వుతారు.

నవ్వని వాళ్లు కొందరుంటారు. బొల్లి ఉన్నవాళ్లు.

తెల్లతోలు దేశాల్లో సెల్ఫ్ ట్యానర్ అంటే ఫ్యాషన్. బీచ్‌కి వెళ్లకుండానే వెళ్లొచ్చినట్టు కనిపించడం కోసం వాడతారు. మన దగ్గర దాని అసలు ఉపయోగం వేరు. చామనఛాయ చర్మం మీద పాలలా తెల్లగా కనిపించే మచ్చకు, చుట్టూ ఉన్న రంగుకు దగ్గరగా ఒక రంగు ఇవ్వడం. ప్రపంచ జనాభాలో 0.5 నుంచి 2 శాతం మందికి బొల్లి ఉంటుందని అంచనా. చర్మం తెల్లగా ఉన్నవాళ్లకు ఈ మచ్చలు అంతగా తెలియవు. మనలాంటి వాళ్లకు మాత్రం దూరం నుంచే కనిపిస్తాయి. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చోవడం, పెళ్లిళ్లలో వడ్డనకు పిలవకపోవడం.. ఇవన్నీ పడ్డవాళ్లకే తెలుసు. బొల్లి అంటుకోదు. ముట్టుకున్నా రాదు, కలిసి తిన్నా రాదు. అయినా పాత పేరు ‘శ్వేతకుష్ఠు’ దాన్ని ఇంకా వదల్లేదు.

సినిమా వాళ్లకూ ఇది తప్పలేదు. ‘యమదొంగ’లో నటించిన మమతా మోహన్‌దాస్ తనకు బొల్లి ఉందని 2023 జనవరిలో సోషల్ మీడియాలో స్వయంగా చెప్పారు. ‘ఎంసీఏ’లో విలన్‌గా చేసిన మన హైదరాబాదీ విజయ్ వర్మ కూడా తనకు ఉందని బయటపెట్టారు. సినిమాల్లో మేకప్‌తో కప్పుతానని చెప్పారు. అయితే వాళ్లకు మేకప్ మ్యాన్ ఉంటాడు. ఇంట్లో అద్దం ముందు ఒక్కరే కూర్చుని పూసుకునేవాళ్ల సంగతేంటి? ఈ కథనం వాళ్ల కోసం.

రంగు వేసే ముందు.. అది బొల్లేనా?

ఇది దాటేసి కిందికి వెళ్లొద్దు. తెల్లగా ఉన్న ప్రతి మచ్చా బొల్లి కాదు. బొల్లి మచ్చ సుద్దముక్కలా తెల్లగా, అంచు స్పష్టంగా ఉంటుంది. ఒక్కోసారి దాని మీది వెంట్రుకలు కూడా తెల్లబడతాయి. స్పర్శ మాత్రం మామూలుగానే ఉంటుంది. మెడ, ఛాతీ, వీపు మీద సన్నగా పొట్టు రాలుతూ కనిపించేవి చాలాసార్లు శోభి మచ్చలు. అది ఫంగస్, మందుతో తగ్గిపోతుంది. ఇక మచ్చ పూర్తిగా తెల్లగా కాకుండా పాలిపోయినట్టు ఉండి, అక్కడ గిల్లినా, వేడి తగిలినా తెలియకపోతే కుష్ఠు అని అనుమానించాలి. దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. కానీ ఆ మచ్చ మీద రంగు పూసి నెలల తరబడి కప్పేస్తే లోపల నరాలు దెబ్బతింటాయి. అప్పుడు చేతివేళ్లు వంకర పోయాక డాక్టర్ దగ్గరికి పరిగెత్తాలి.

అందుకే మొదటి అడుగు క్రీమ్ కాదు, చర్మ వైద్యుడు. ఊళ్లో లేకపోతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లి చర్మ విభాగంలో చూపించుకోవచ్చు. ఒక్కసారి పేరు ఖాయమైతే తర్వాత మిగతాదంతా ఇంట్లోనే.

ఇంకో చిన్న విషయం. నుదుటి మీద సరిగ్గా బొట్టు బిళ్ల పెట్టే చోటే తెల్లబడితే బిళ్ల వెనక ఉండే జిగురును అనుమానించండి. కొన్ని జిగుర్లలో వాడే రసాయనం రంగునిచ్చే కణాలను చంపేస్తుంది. పాదం మీద చెప్పు పట్టీ ఆకారంలో మచ్చ వస్తే రబ్బరు చెప్పులూ కారణం కావచ్చు. ముందు వాటిని మానేయాలి. కారణాన్ని అక్కడే ఉంచి పైన రంగు వేస్తే లాభం లేదు.

శెనక్కాయ వేగినట్టే.. గోరింటాకు పండినట్టే

సెల్ఫ్ ట్యానర్‌లో పనిచేసే పదార్థం పేరు డైహైడ్రాక్సీఅసిటోన్. పొట్టిగా డీహెచ్ఏ. పేరు చూసి భయపడక్కర్లేదు, ఇది ఒక రకం చక్కెర. గ్లిజరిన్ నుంచి బ్యాక్టీరియా సాయంతో తయారు చేస్తారు. ఇది చర్మం పైపొరలోని అమైనో ఆమ్లాలతో కలిసి గోధుమ రంగు ఇస్తుంది. పెనం మీద దోసె ఎర్రబడటం, బాండ్లీలో శెనక్కాయలు వేగి రంగు మారడం కూడా ఇదే తరహా రసాయన చర్య. కాకపోతే ఇక్కడ మంట అక్కర్లేదు. కొన్ని గంటల్లో దానంతట అదే జరుగుతుంది.

దీన్ని కనిపెట్టిన కథ ఆసక్తిగా ఉంటుంది. 1950ల్లో అమెరికాలోని సిన్సినాటిలో ఇవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఒక అరుదైన జబ్బున్న పిల్లలకు డీహెచ్ఏని నోటి ద్వారా ఇచ్చి పరీక్షలు చేస్తున్నారు. పిల్లలు తాగుతూ ఒంటి మీద ఒలకబోసుకున్న చోట్ల గోధుమ మచ్చలు పడ్డాయి. బట్టకు మాత్రం ఏమీ కాలేదు. ఆమె ఆ నీళ్లు తన చేతికే పూసుకుని చూశారు. 1960లో ఆ పరిశోధన అచ్చయింది. ఆ తర్వాత కంపెనీలు దాన్ని ఫ్యాషన్ చేశాయి, చర్మ వైద్యులు మాత్రం బొల్లి మచ్చల మీద వాడి చూశారు. మనలాంటి రంగు చర్మమే ఎక్కువగా ఉండే థాయ్‌లాండ్‌లోనూ డాక్టర్లు దీన్ని బొల్లికి పరీక్షించారు.

బొల్లికి ఇది ఎందుకు పనికొస్తుందంటే.. మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. బొల్లి మచ్చలో దాన్ని తయారు చేసే కణాలే ఉండవు. కాబట్టి ఎంత ఎండలో నిలబడ్డా అక్కడ రంగు రాదు, కాలడమే. డీహెచ్ఏకి ఆ కణాలతో పని లేదు. అది పైన ఉన్న మృతకణాల పొరకే రంగు వేస్తుంది. ఆ పొర రాలిపోతే రంగూ పోతుంది. మామూలుగా 4 నుంచి 7 రోజులు నిలుస్తుంది.

ఇక్కడే గోరింటాకు గుర్తుకు తెచ్చుకోండి. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటే అరచేతిలో ఎర్రగా పండుతుంది, చేతి పైభాగంలో పలచగా ఉంటుంది. ఎందుకు? అరచేతి తోలు మందం. మందంగా ఉన్నచోట ఎక్కువ రంగు పడుతుంది. సెల్ఫ్ ట్యానర్‌దీ అదే లెక్క. మోచేయి, మోకాలు, చీలమండ, వేళ్ల కణుపులు.. వీటి దగ్గర రంగు ఎక్కువగా పీల్చుకుని నల్లటి చారలు పడతాయి. సమంగా రావాలంటే మిగతా చోట పూసినంత అక్కడ పూయకూడదు. మొత్తం విద్యలో సగం ఇదే.

కొనేటప్పుడు

షాపులో ‘ట్యాన్ క్రీమ్ ఇవ్వండి’ అంటే డీ-ట్యాన్ క్రీమ్ చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. అది సరిగ్గా వ్యతిరేకం, జాగ్రత్త. ‘సెల్ఫ్ ట్యానర్’ అని అడగండి, లేబుల్ మీద డైహైడ్రాక్సీఅసిటోన్ ఉందో లేదో చూసుకోండి. మన టౌన్లలో దొరకడం కష్టం, చాలామంది ఆన్‌లైన్‌లోనే తెప్పించుకోవాలి. ఎక్స్‌పైరీ తేదీ, సీలు చూడకుండా తీసుకోవద్దు. డీహెచ్ఏ వేడికి పాడవుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన గదుల్లో కిటికీ పక్కన పెడితే రంగు సరిగ్గా రాదు. చల్లగా, చీకటిగా ఉండే చోట పెట్టాలి.

లోషన్, నురుగు, చుక్కలు, స్ప్రే అని రకాలున్నాయి. మచ్చల కోసమైతే లోషన్ గానీ, జెల్ గానీ మేలు. స్ప్రే వద్దు. మచ్చ వరకే పడేలా కొట్టడం కుదరదు, పైగా ఊపిరితో లోపలికి పోతుంది. లైట్, మీడియం, డార్క్ అని రాసి ఉంటే నేరుగా డార్క్ కొనేయాలనిపిస్తుంది. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటిసారి మీడియంతో మొదలుపెట్టండి. ఎక్కువ శాతం ఉన్నదాన్ని ఒకేసారి మందంగా పూస్తే వచ్చేది గోధుమ రంగు కాదు, నారింజ. మరీ నల్లటి చర్మం ఉన్నవాళ్లకు ఇది అచ్చంగా కలిసిపోదని కూడా ముందే చెప్పాలి. తేడా తగ్గుతుంది, పూర్తిగా మాయం కాదు. చామనఛాయ, గోధుమ రంగు వాళ్లకు బాగా సరిపోతుంది.

రాత్రి పని.. హడావుడి లేకుండా

ముందుగా పరీక్ష. మోచేయి లోపలి వైపు రూపాయి బిళ్లంత చోట పూసి 48 గంటలు ఆగండి. దురద, దద్దు, మంట ఏదొచ్చినా ఆ డబ్బా పక్కన పెట్టేయండి. ఏమీ రాకపోతే అప్పుడు మచ్చ మీదికి.

యూట్యూబ్‌లో ఏ సెల్ఫ్ ట్యానర్ వీడియో చూసినా మొదట చెప్పేది ‘స్క్రబ్‌తో గట్టిగా రుద్దండి’ అని. బొల్లి ఉన్నవాళ్లు ఆ మాట వినొద్దు. బొల్లిలో చర్మానికి గీత పడినా, రాపిడి తగిలినా ఆ చోట కొత్త మచ్చ వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్లు దీన్ని కోబ్నర్ ప్రభావం అంటారు. పీచు, గరుకు రాయి, ఉప్పు, చక్కెర స్క్రబ్బులు ఏవీ వద్దు. గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేసి, మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిస్తే రాలాల్సిన పొట్టు రాలిపోతుంది. సున్నిపిండి అలవాటు ఉంటే మెత్తగా జల్లించినది, నలుగు పెట్టినట్టు కాకుండా ఊరికే రాసి కడిగేయండి. ఆ రోజు షేవింగ్, వ్యాక్సింగ్ పెట్టుకోవద్దు.

తర్వాత ఒళ్లు పూర్తిగా ఆరాలి. కొబ్బరినూనె, పౌడర్, బాడీ లోషన్ ఏదీ మచ్చ మీద ఉండకూడదు. నూనె మిగిలిన చోట రంగు పట్టదు. అక్కడ తెల్లటి చుక్క అలాగే నిలిచిపోతుంది. రోజూ నూనె రాసుకునే అలవాటున్నవాళ్లు సబ్బుతో ఆ చోటు కడిగాక అరగంట ఆగితే మంచిది.

ఇప్పుడు అంచు. అన్నిటికన్నా ఓపిక కావలసింది దీనికే. డీహెచ్ఏకి బొల్లి చర్మం, మంచి చర్మం అన్న తేడా లేదు. మచ్చ దాటి పక్కకు పోతే అక్కడి మామూలు చర్మం ఇంకా ముదురు రంగుకు మారి మచ్చ చుట్టూ నల్లటి ఉంగరం పడుతుంది. చూసేవాళ్లకు మచ్చ కన్నా ఆ ఉంగరమే ముందు కనిపిస్తుంది. కాబట్టి మచ్చ చుట్టూ మామూలు చర్మం మీద వాజెలిన్ సన్నని గీతలా రాయండి. అది గోడలా పనిచేస్తుంది. మచ్చ లోపలికి మాత్రం వాజెలిన్ పోనివ్వొద్దు.

చిన్న మచ్చలకు చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల చాలు. అరచేయంత మచ్చకు మేకప్ స్పాంజి వాడండి. లోషన్ కొద్దిగా తీసుకుని మచ్చ మధ్యలో మొదలుపెట్టి అంచు వైపు జరుపుతూ రండి. అంచు దగ్గరికి వచ్చేసరికి పుల్ల దాదాపు పొడిగా ఉండాలి. పొర ఎంత పలచగా ఉంటే అంత మేలు. కణుపులు, మోచేతుల మీద మచ్చలుంటే ముందు పలచగా మాయిశ్చరైజర్ రాసి, ఆ పైన సగం మోతాదులో లోషన్ అద్దండి. నూనె వద్దని పైన చెప్పి ఇక్కడ క్రీమ్ రాయమంటున్నారేంటి అనొచ్చు. ఇక్కడ మనకు కావాల్సింది అదే, రంగు తక్కువ పట్టడం.

చేతి మచ్చలకు చివర్లో పూయండి. పూసిన వెంటనే అరచేతులు, గోళ్ల సందులు, వేళ్ల మధ్య సబ్బుతో కడగాలి. గ్లౌజులుంటే ఇంకా మంచిది. మర్చిపోతే తెల్లారేసరికి అరచేతులు పసుపు కొమ్ములు నూరినట్టుంటాయి.

ఆరడానికి కనీసం 15 నుంచి 20 నిమిషాలు ఫ్యాన్ కింద కూర్చోండి. ఆ తర్వాత 6 నుంచి 8 గంటలు నీళ్లు తగలకూడదు, చెమట పట్టకూడదు. చెమట చుక్క జారిన దారంతా గీతలా తెల్లగా ఉండిపోతుంది. ఎండాకాలంలో మన దగ్గర పగలు ఇది జరిగే పని కాదు. రాత్రి భోజనాలయ్యాక, పాత్రలు తోమడం లాంటి నీళ్ల పనులన్నీ ముగించుకుని, వదులుగా ఉన్న పాత నల్ల బట్టలు వేసుకుని పడుకోవడమే దారి. కరెంటు పోతే మాత్రం ఆ రాత్రి అదృష్టం మీద ఆధారపడాల్సిందే. కొన్ని లోషన్లకు ఒక రకం మాడు వాసన ఉంటుంది, స్నానంతో పోతుంది.

తెల్లారి చూస్తే..

రంగు 2 నుంచి 4 గంటల్లో కనిపించడం మొదలై, మరుసటి రోజుకు పూర్తిగా తేలుతుంది. కాబట్టి గంటకోసారి అద్దంలో చూసి ‘రాలేదు’ అని మళ్లీ పూయొద్దు. పొద్దున స్నానం చేశాక, ట్యూబ్‌లైట్ కింద కాకుండా వాకిట్లో వెలుతురులో చూసుకోండి. పలచగా ఉంటే ఆ రాత్రి ఇంకో పొర. సరిపోకపోతే మూడో రాత్రి ఇంకోటి. చుట్టుపక్కల రంగుకు దగ్గరగా వచ్చిన చోట ఆపేయండి. ఏ రోజు ఎన్ని పొరలు వేశారో ఎక్కడైనా రాసి పెట్టుకుంటే తర్వాతి నెల మళ్లీ ప్రయోగాలు అక్కర్లేదు. ఆ పైన 4, 5 రోజులకోసారి ఒక్క పొర చాలు. పెళ్లో, ఫంక్షనో ఉంటే సరిగ్గా ముందు రోజు మొదటిసారి ప్రయత్నించొద్దు. కనీసం రెండు వారాల ముందు ఒకసారి చేసి చూసుకోండి.

ముదురుగా వచ్చిందా? చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమకండి. కొబ్బరినూనె పట్టించి అరగంట ఆగి, మెత్తటి గుడ్డతో తుడవండి. రెండు మూడు రోజులు అలా చేస్తే తగ్గుతుంది. ఏమీ చేయకపోయినా వారంలో పోతుంది, అదొక ధైర్యం.

కంటి రెప్పలు, పెదవులు, ముక్కు లోపల, జననాంగాల దగ్గర పూయకూడదు. పుండు, గీరుకుపోయిన చోట కూడా వద్దు. గర్భిణులు, చిన్నపిల్లలకైతే డాక్టర్‌ను అడిగాకే. ‘ట్యానింగ్ మాత్రలు’, ‘ట్యానింగ్ ఇంజెక్షన్లు’ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే వాటి జోలికి అసలు పోవద్దు.

ఎండ సంగతి మరవొద్దు

రంగు వచ్చింది కాబట్టి ఎండ నుంచి కాపాడుతుందనుకోవడం పెద్ద అపోహ. ఈ రంగు మెలనిన్ కాదు. మచ్చ కింద చర్మం ఎప్పటిలాగే కాలుతుంది. పైగా పూసిన మొదటి 24 గంటలు ఎండకు ఇంకా జాగ్రత్తగా ఉండాలని పరిశోధకులు చెబుతున్నారు. చేలో పని చేసేవాళ్లు పొడుగు చేతుల చొక్కా, తలగుడ్డ వదలొద్దు. ఎస్‌పీఎఫ్ 30 పైన ఉన్న సన్‌స్క్రీన్ కూడా రాసుకోవాలి.

ఎండతో ఇంకో చిక్కు ఉంది. బావంచాల గింజలు నూరి మచ్చకు పూసి ఎండలో కూర్చోమని చెప్పేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బావంచాల్లో సొరలెన్ ఉన్న మాట నిజం, డాక్టర్లు కూడా సొరలెన్ వాడతారు. కానీ కొలిచిన మోతాదులో, కొలిచిన వెలుతురులో. మన మధ్యాహ్నపు ఎండలో లెక్క లేకుండా చేస్తే బొబ్బలెక్కుతుంది, ఆ కాలిన చోటే కొత్త మచ్చలు రావచ్చు. మెడికల్ షాపులో చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములదీ అదే కథ. 2018లో కేంద్రం పలు స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని చెప్పింది. నెలల తరబడి సొంతంగా రాస్తే చర్మం కాగితంలా పలచబడుతుంది. అలాంటి చర్మం మీద ట్యానర్ కూడా సమంగా పట్టదు.

ఒక మాట సూటిగా. పెళ్లిచూపులకు మచ్చ కనబడకుండా చేయడానికి దీన్ని వాడదామని ఇంట్లో పెద్దవాళ్లకు అనిపించొచ్చు. వారం రోజుల్లో పోయే రంగు మీద సంబంధం నిలబెట్టడం ఆ పిల్లకో, పిల్లాడికో చేసే మేలు కాదు. విషయం ముందే చెప్పండి. రంగు పూసుకోవాలా, మచ్చతోనే ఉండాలా అన్నది మచ్చ ఉన్నవాళ్ల ఇష్టం. పూసుకోకుండా తిరిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లకు ఈ డబ్బాతో పని లేదు.

ఇక ఇది మందు కాదు, పైపూత మాత్రమే. లైట్ థెరపీ, క్రీములు, శస్త్రచికిత్స.. బొల్లికి చికిత్సలున్నాయి. 2022 జులైలో అమెరికాలో రక్సోలిటినిబ్ అనే క్రీమ్‌కు బొల్లి కోసం అనుమతి వచ్చింది. చికిత్స తీసుకుంటున్నవాళ్లు ట్యానర్ వాడుతున్నట్టు డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. లైట్ థెరపీ ఉన్న రోజుల్లో పూయాలా వద్దా ఆయన్నే అడగండి, ఈ రంగు వెలుతురును కొంత అడ్డుకోవచ్చు. చెకప్‌కు వెళ్లే వారం, పది రోజుల ముందు నుంచి పూయడం ఆపేయండి. మచ్చలో సహజమైన రంగు చుక్కలు మొలకెత్తుతున్నాయో లేదో డాక్టర్ చూడాలంటే పైన పూసిన రంగు పూర్తిగా పోయి ఉండాలి.